లీజు అయిపోయిన కారుని లోను పెట్టి మన పేరు మీదికి తెచ్చుకోవడం ఎట్లా

బెంగళూరులో ఉద్యోగం చేసేటప్పుడు కంపెనీ ద్వారా ఒక కారు లీజుకి తీసుకున్నా, నాలుగేళ్లు జీతంలోంచే నెలనెలా కట్ అవుతా వచ్చింది, లీజు అయిపోయే టైముకి నేను తిరుపతికి వచ్చేశా, కారు మాత్రం కేఏ నంబరుతో లీజు కంపెనీ పేరు మీదే ఉండిపోయింది. శ్రీసిటీలో పనిచేసే మావాళ్లు కొందరిది ఇదే కథ, వాళ్ల కారు చెన్నైలో రిజిస్టర్ అయింది, ఇల్లేమో ఇక్కడ. వీళ్లంతా నన్ను అడిగే మొదటి మాట ఒకటే, "అన్నా, దీనికి బ్యాంకోళ్లు లోను ఇస్తారా?" అని. ఇస్తారు. లోను దొరకడం అసలు సమస్య కాదు. ఎవరు ముందు డబ్బు వేయాలి, ఎవరు ముందు సంతకం పెట్టాలి అనే వరస ఉంది చూడండి, అది తప్పితేనే నెలల తరబడి తిరగాల్సి వస్తాది. నేను తిరిగినా. మీరు తిరగకూడదని మొత్తం వరసగా రాస్తున్నా, రొంత పొడుగైనా చివరిదాకా చదవండి.

మొదటి పని, లీజు అయిపోయే తేదీకి కనీసం మూడు నెలల ముందు మొదలుపెట్టండి. ఆఖరి నెలలో మొదలుపెడితే లీజు కంపెనీ వాళ్లు "కారు వెనక్కి ఇవ్వండి, లేదంటే ఇంకో మూడు నెలలు పొడిగించండి" అంటారు, ఆ పొడిగించిన నెలల అద్దె ఊరికే పోయే డబ్బు. అగ్రిమెంటు కాపీ బయటికి తీసి మూడు విషయాలు వెతకండి. లీజు చివర్లో కారు కొనుక్కునే హక్కు రాసుందా, లేక వాళ్లు ఇష్టమైతే అమ్ముతారనుందా అనేది ఒకటి. రెండోది, ఎవరికి అమ్ముతారు, ఉద్యోగికా, ఉద్యోగి చెప్పిన ఇంకెవరికైనా కూడానా. ఇది ముఖ్యం, ఎందుకంటే మీ సిబిల్ (పాత అప్పులు ఎట్లా కట్టారో చూపే స్కోరు) సరిగా లేకపోతే భార్య పేరు మీదో నాన్న పేరు మీదో కొని లోను అక్కడ పెట్టుకోవచ్చు. మూడోది, చివరి ధర అంటే రెసిడ్యువల్ వాల్యూ అంకె రాసుందా, లేక "అప్పటి మార్కెట్ ధర" అని ఖాళీగా వదిలేశారా.

అట్లాగే ఆర్సీ కూడా ఒకసారి తీసి చూడండి, నాలుగేళ్లు కారు తోలి కూడా ఆర్సీ సరిగా చదవని వాళ్లు శానామంది ఉన్నారు. ఓనర్ అని ఎవరి పేరుంది? లీజు కంపెనీ పేరుంటే ఓనర్‌షిప్ ట్రాన్స్‌ఫర్ చేయాలి. కొన్నిటిలో ఓనర్ గా ఉద్యోగి పేరో మీ కంపెనీ పేరో ఉండి, లీజు కంపెనీ పేరు కింద ఎండార్స్‌మెంట్ గా మాత్రమే ఉంటాది. మీ పేరే ఉంటే మీ పని సగం తగ్గినట్టే, ఫారం 35 తో ఆ ఎండార్స్‌మెంట్ తీసేస్తే చాలు. ఇంకో రకం కూడా ఉంది, ఓనర్ లీజు కంపెనీ, దాని కింద హైపోతికేషన్ (అంటే తాకట్టు) అని ఏదో బ్యాంకు పేరు. అంటే లీజు కంపెనీ వాళ్లే మీ కారు మీద ఎక్కడో అప్పు తెచ్చుకున్నారు. ఆ బ్యాంకు ఎన్‌వోసీ (మాకు అభ్యంతరం లేదనే కాగితం) కూడా రావాలి, అది రాకుండా మీ బ్యాంకు ఒక్క రూపాయి కూడా కదలదు.

రెండో పని, ధర రాతపూర్వకంగా తెప్పించుకోవడం. ఇక్కడ రొంత నిలబడి మాట్లాడాలి, ఎందుకంటే నేను దెబ్బతిన్నది ఇక్కడే.

నా కారు కొన్నప్పటి ధర సుమారు 10 లక్షలు, చివరి ధర 3.5 లక్షలు అని అగ్రిమెంటులో ఉంది, నేను నాలుగేళ్లూ మనసులో ఆ మూడున్నర లక్షలే పెట్టుకున్నా. తీరా కొటేషన్ వచ్చాక చూస్తే మూడున్నర మీద జీఎస్టీ 18 శాతం, అంటే 63,000, మొత్తం 4,13,000. దాని మీద డాక్యుమెంటేషన్ చార్జీ అని ఇంకొంత. ఎందుకిట్లా అని అడిగి తెలుసుకున్నది చెప్తా. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థ పాత కారు అమ్మితే 2025 జనవరి 16 నుంచి 18 శాతం పన్ను, అయితే అది మొత్తం ధర మీద కాదు, మార్జిన్ మీద మాత్రమే. అంటే అమ్మిన ధరలోంచి పుస్తకాల్లో తరుగుదల పోగా మిగిలిన విలువ తీసేస్తే వచ్చేది, అది మైనస్ లో ఉంటే పన్నే లేదు. వినడానికి బాగుంది కదా. కానీ కారు కొన్నప్పుడు లీజు కంపెనీ ఇన్‌పుట్ క్రెడిట్ (అప్పుడు కట్టిన జీఎస్టీని తమ పన్నులో సర్దుకోవడం) తీసుకుని ఉంటే ఈ మార్జిన్ సౌకర్యం వర్తించదు, అప్పుడు పూర్తి ధర మీద ఆ రకం కారుకుండే మామూలు రేటు పడతాది. 2025 సెప్టెంబర్ 22 తర్వాత చిన్న కార్లకి అది 18 శాతం, పెద్ద కార్లకి 40 శాతం. పెద్ద ఎస్‌యూవీ లీజుకి తీసుకున్నోళ్లు ఈ ఒక్క లైను రెండుసార్లు చదవండి, ఎందుకంటే ఆరు లక్షల కారు మీద 40 శాతం అంటే 2,40,000, అది ఆఖరి రోజు తెలిస్తే గుండె ఆగినంత పనవుతాది.

అందుకే మెయిలు ఇట్లా పెట్టండి: జీఎస్టీ కలిపి మొత్తం ఎంత, మార్జిన్ మీదా పూర్తి ధర మీదా, ఇన్వాయిస్ ఎవరి పేరుతో ఇస్తారు, సెక్యూరిటీ డిపాజిట్ ఉంటే ఇందులో తగ్గిస్తారా, ఆఖరి నెల అద్దె బాకీ ఏమన్నా ఉందా, ఈ కొటేషన్ ఎన్ని రోజులు చెల్లుతాది. ఫోన్లో చెప్పింది లెక్కలోకి రాదు. ధర 10 లక్షలు దాటితే 1 శాతం టీసీఎస్ (అమ్మేవాళ్లు ముందే పట్టే ఆదాయపన్ను) కూడా వసూలు చేస్తారు, అది పోయేది కాదు, మీ పాన్ మీద పడతాది, రిటర్న్ లో సర్దుకోవచ్చు.

ఇంకొకటి, మీ పేరోల్ వాళ్లని అడగాల్సిన ప్రశ్న. ఉద్యోగికి కంపెనీ ఆస్తిని తక్కువ ధరకి ఇచ్చినట్టు తేలితే ఆ తేడాని జీతంలో కలిపి పన్ను వేస్తారు. కార్లకి లెక్క ఏడాదికి 20 శాతం చొప్పున తగ్గించుకుంటా పోవడం, 10 లక్షల కారు ఏడాదికి 8 లక్షలు, రెండేళ్లకి 6.4, మూడేళ్లకి 5.12, నాలుగేళ్లకి 4,09,600. మీకు 3.5 లక్షలకి ఇస్తే తేడా 59,600 మీ ఆదాయంలో కలుపుతారా లేదా అనేది మీ లీజు ఎట్లా రాసుకున్నారో, అమ్మేది ఎవరో దాన్ని బట్టి ఉంటాది. కొందరు యజమానులు కలుపుతారు, కొందరు ఇది మా ఆస్తి కాదు అంటారు. మార్చి నెల జీతం సగం వచ్చిన తర్వాత కాకుండా ముందే అడగండి.

మూడో పని, అసలు కారు అంత చేస్తుందా? మీరు తోలిన కారే కాబట్టి బయట సెకండ్ హ్యాండ్ కొనే వాళ్లకి లేని ధైర్యం మీకుంది, గుద్దిందీ గీసుకుందీ అంతా మీకు తెలుసు. అయినా మనసుకి నచ్చింది కదా అని కొనెయ్యొద్దు. రేణిగుంట రోడ్డులో కార్ల షోరూములు వరసగా ఉంటాయి కదా, పాత కార్లు తీసుకునే రెండు మూడు చోట్లకి పోయి "ఇది మీరు కొంటే ఎంతిస్తారు" అని అడగండి, కొంటానని కాదు అమ్ముతానని అడగండి, అప్పుడే నిజమైన ధర వస్తాది. నాకు అప్పుడు ఐదు లక్షల చుట్టూ చెప్పారు, నాకు పడేది 4.13 ప్లస్ మిగతా ఖర్చులు, కాబట్టి కొనడం సరైందే అనిపించింది. తేడా 30, 40 వేలే అయితే మాత్రం నేనైతే వెనక్కి ఇచ్చేద్దును, ఎందుకంటే వేరే రాష్ట్రం నంబరు మార్చే ఖర్చులోనే అది కరిగిపోతాది.

ఆటోనగర్లో మీకు నమ్మకమైన మెకానిక్ ఉంటే ఒక పూట కారు ఇచ్చి క్లచ్, సస్పెన్షన్, బ్రేకులు చూపించండి, ఎందుకంటే ఇన్నాళ్లూ లీజులో మెయింటెనెన్స్ కలిపి ఉంటే ఇకమీద అదంతా మన జేబులోంచే. మన ఊళ్లో కారు కండిషన్ తెలుసుకోడానికి తిరుమల ఘాటు కంటే మంచి పరీక్ష లేదు. నలుగురు కూర్చుని ఏసీ వేసి ఎక్కించి, టెంపరేచర్ ముల్లు చూసుకోండి, దిగేటప్పుడు బ్రేకుల వాసన వస్తుందేమో, స్టీరింగ్ వణుకుతుందేమో గమనించండి. నా కారుకి అట్లానే ముందు డిస్కులు మార్చాలని తెలిసింది, అది కూడా లెక్కలో వేసుకున్నా.

నాలుగో పని, డబ్బు ఎక్కడినుంచి. అందరూ బ్యాంకు యూజ్డ్ కార్ లోను ఒక్కటే అనుకుంటారు, అది ఒక దారి మాత్రమే.

యూజ్డ్ కార్ లోను వడ్డీ కొత్త కారు లోను కంటే ఎక్కువ ఉంటాది, అది ముందే మనసులో పెట్టుకోండి. బ్యాంకు వాళ్లు వాల్యుయేటర్ని పంపిస్తారు, ఆయన వేసిన విలువలో కొంత శాతం ఇస్తారు. లీజు కారు కొనేవాళ్లకి ఇక్కడ ఒక మేలుంది. మీకు పడే ధర మార్కెట్ కంటే తక్కువ కాబట్టి, వాల్యుయేషన్ 5 లక్షలు వచ్చి 80 శాతం ఇస్తే 4 లక్షలు, అంటే మీ ఇన్వాయిస్ మొత్తం దాదాపు లోనులోనే వచ్చేస్తాది. కానీ కొన్ని బ్యాంకులు వాల్యుయేషన్, ఇన్వాయిస్ రెండిట్లో ఏది తక్కువైతే దాని మీదే శాతం లెక్కేస్తాయి, అప్పుడు 4.13 లో 80 శాతం, 3.3 లక్షలే. కాబట్టి వడ్డీ ఎంత అని అడిగే ముందు "మీరు దేని మీద లెక్కేస్తారు" అని అడగండి. కారు వయసు కూడా చూస్తారు, లోను అయిపోయే నాటికి కారుకి ఎన్నేళ్లు నిండుతాయో దానికి ఒక్కో బ్యాంకుకి ఒక్కో హద్దు ఉంటాది, ఐదేళ్ల లీజు అయిపోయిన కారుకి మళ్లీ ఐదేళ్ల లోను కొందరు ఇవ్వరు.

ఇవ్వకపోవడమే మంచిది అంటాను నేను. 4 లక్షలు 12 శాతానికి మూడేళ్లకి తీసుకుంటే ఈఎంఐ 13,286, మొత్తం వడ్డీ 78 వేల చిల్లర. అదే ఐదేళ్లకి పెడితే ఈఎంఐ 8,898 కి దిగుతాది, చూడ్డానికి హాయిగా ఉంటాది, కానీ వడ్డీ 1,33,867. నాలుగేళ్లు ఇప్పటికే వాడేసిన కారుకి ఇంకో 55 వేలు వడ్డీ ఎక్కువ కట్టడం నాకైతే మనసొప్పలేదు, ఇంట్లో కూర్చుని లెక్కేసుకుని మూడేళ్లకే పెట్టుకున్నా.

ఫ్లాట్ రేటు అనే మాట వినిపిస్తే మాత్రం ఆగండి. చిత్తూరులో మా బావకి ఒక ప్రైవేటు ఫైనాన్స్ వాళ్లు "9 శాతమే బావా, బ్యాంకు కంటే తక్కువ" అని చెప్పారు. 4 లక్షలకి 9 శాతం ఫ్లాట్ అంటే మూడేళ్లకి వడ్డీ 1,08,000, ఈఎంఐ 14,111. అసలు తగ్గుతా పోతున్నా వడ్డీ మాత్రం మొదటి రోజు 4 లక్షల మీదే వేస్తా ఉంటారు, బ్యాంకు పద్ధతిలో లెక్కేస్తే అది 16 శాతం పైనే. ఆ కాగితం మీద నేను పెన్నుతో లెక్కేసి చూపించే దాకా మా బావ నమ్మలా. ఇప్పుడు దీనికి ఒక మంచి ఆయుధం ఉంది, 2024 అక్టోబర్ 1 నుంచి ఇట్లాంటి లోన్లకి కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అనే కాగితం ఇచ్చి తీరాలని రిజర్వు బ్యాంకు రూలు. అందులో ఏపీఆర్ అని ఒక అంకె ఉంటాది, వడ్డీ, ప్రాసెసింగ్ ఫీజు, మీకు తెలీకుండా కలిపిన ఇన్సూరెన్సు అన్నీ కలిపి ఏడాదికి నిజంగా ఎంత పడతా ఉందో ఆ అంకె చెప్తాది. రెండు చోట్ల అడిగితే రెండు ఏపీఆర్‌లు పక్కన పెట్టుకుని చూడండి, మిగతా మాటలన్నీ పక్కన పెట్టండి.

ముందే తీర్చేస్తే పెనాల్టీ ఎంత అనేది కూడా అడగాలి. 2026 జనవరి 1 నుంచి మంజూరయ్యే ఫ్లోటింగ్ రేటు (మధ్యలో వడ్డీ మారే రకం) లోన్లకి, వ్యాపారం కోసం కాకుండా సొంతానికి తీసుకుంటే, ముందస్తు చెల్లింపు చార్జీ వేయకూడదు. కానీ కారు లోన్లు శానా వరకు ఫిక్స్‌డ్ రేటే, వాటికి చార్జీ ఉండొచ్చు, అందుకే ఫిక్స్‌డా ఫ్లోటింగా అని అడిగి రాయించుకోండి.

ఎఫ్‌డీ ఉన్నవాళ్లు దాన్ని పగలగొట్టొద్దు, దాని మీద ఓవర్‌డ్రాఫ్ట్ తీసుకోండి, ఎఫ్‌డీ వడ్డీ కంటే సుమారు 1, 2 శాతం ఎక్కువే పడతాది, కారుకి తాకట్టు ఉండదు, ఆర్సీలో బ్యాంకు పేరు రాదు. ఇంట్లో బంగారం ఉంటే గోల్డ్ లోను కూడా ఇదే పని చేస్తాది, 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే రూల్స్ ప్రకారం రెండున్నర లక్షల దాకా అయితే బంగారం విలువలో 85 శాతం, ఐదు లక్షల దాకా 80, ఆ పైన 75 శాతం వరకు ఇవ్వొచ్చు. అయితే ఏడాది తర్వాత ఒకేసారి కట్టే రకం తీసుకుని మర్చిపోతే అమ్మ నగలు వేలానికి పోతాయి, నెలనెలా కట్టే రకమే తీసుకోండి. చీటీ పాడుకునే వాళ్లు రిజిస్టరైన చీటీ అయితేనే దీనికి నమ్ముకోండి, లీజు కంపెనీకి తేదీ ఇచ్చాక ఆ నెల పాట ఎవరో ఎగరేసుకుపోతే చేతిలో డబ్బుండదు. పర్సనల్ లోను ఆఖరి దారి, వడ్డీ ఎక్కువ, కాకపోతే కాగితాల గోల ఉండదు.

అప్లై చేసే ముందు మీ క్రెడిట్ రిపోర్టు ఒకసారి చూసుకోండి, ప్రతి బ్యూరో ఏడాదికి ఒకటి ఉచితంగా ఇస్తాది. మూడు నాలుగు బ్యాంకుల్లో ఒకేసారి అప్లై చేస్తే అన్ని ఎంక్వయిరీలూ రిపోర్టులో పడతాయి, అట్లా చేయకండి, వివరాలు నాలుగు చోట్ల అడిగి అప్లికేషన్ ఒక్కచోట పెట్టండి.

ఐదో పని, నేను మొదట్లో చెప్పిన వరస.

బ్యాంకు అంటుంది, ఆర్సీ మీ పేరు మీదికి రావాలి, దాని మీద మా హైపోతికేషన్ పడాలి, అప్పుడు డబ్బు. లీజు కంపెనీ అంటుంది, డబ్బు మా అకౌంట్లో పడాలి, అప్పుడే ఎన్‌వోసీ, ఫారాలు. ఇద్దరిదీ వాళ్ల వైపు నుంచి న్యాయమే, మధ్యలో ఇరుక్కునేది మనం. దీన్ని విప్పడానికి మూడు దారులున్నాయి. అన్నిటికంటే మంచిది, బ్యాంకే నేరుగా లీజు కంపెనీ అకౌంటుకి వేసేటట్టు ఒప్పించడం. దానికి బ్యాంకుకి ప్రొఫార్మా ఇన్వాయిస్ (డబ్బు కట్టక ముందు ఇచ్చే బిల్లు), "ఇంత డబ్బు అందిన ఇన్ని రోజుల్లో సంతకాలు చేసిన ఫారాలు ఇస్తాం" అని లీజు కంపెనీ లెటర్ హెడ్ మీద ఒక కాగితం, ఆర్సీ, ఇన్సూరెన్సు కాపీలు కావాలి. ఆ కాగితం ఉంటే శానా మంది మేనేజర్లు ఒప్పుకుంటారు. రెండో దారి, లీజు కంపెనీనే ఫారాలు ముందే సంతకం చేసి తమ బ్రాంచ్ లో పెట్టుకోమని, బ్యాంకు మనిషి డీడీ తెచ్చి ఇచ్చిన చోటే ఫారాలు తీసుకోవడం, కానీ రెండు ఆఫీసులూ ఒకే ఊళ్లో ఉండాలి, బెంగళూరు లీజు కంపెనీకి తిరుపతి బ్రాంచ్ మేనేజర్ పోడు. మూడోది, మన డబ్బుతోనే ముందు కట్టేసి, ఆర్సీ మన పేరు మీదికి వచ్చాక కారు మీద లోను తీసుకుని ఆ డబ్బు వెనక్కి సర్దుకోవడం.

నేను మొదటి దారిలో పోయి మూడో దారిలో బయటపడ్డా. బ్యాంకు శాంక్షన్ ఇచ్చింది, అది 30 రోజులే చెల్లుతాది, లీజు కంపెనీ ఆ ఒక్క లెటర్ ఇవ్వడానికి ఐదు వారాలు చేసింది. ఒక డిపార్ట్‌మెంట్ ఇంకో డిపార్ట్‌మెంట్ కి పంపించామంటుంది, వాళ్లు సంతకం చేసే ఆయన లీవులో ఉన్నాడంటారు. శాంక్షన్ లాప్స్ అయిపోయింది, మళ్లీ మొదటినుంచీ, మళ్లీ సిబిల్ ఎంక్వయిరీ. ఆఖరికి నాన్న ఎఫ్‌డీ మీద ఓవర్‌డ్రాఫ్ట్ తీసి కట్టేసినా, రెండు నెలల తర్వాత లోను వచ్చాక మూసేసినా. కాబట్టి లీజు కంపెనీ లెటర్ చేతికి వచ్చిన తర్వాతే బ్యాంకులో అప్లికేషన్ పెట్టండి, ముందు పెట్టొద్దు. నా రెండు నెలలు పోయింది ఆ ఒక్క తప్పు వల్లే.

ఆరో పని, లీజు కంపెనీ నుంచి ఏమేం చేతికి తీసుకోవాలి. ఒరిజినల్ ఆర్సీ, ట్యాక్స్ ఇన్వాయిస్, డబ్బు అందినట్టు రసీదు, ఇన్సూరెన్సు పాలసీ, రెండో తాళం చెవి. ఫారం 29 రెండు కాపీలు, ఫారం 30, ఇవి ఓనర్‌షిప్ మార్పుకి. ఆర్సీలో ఏదైనా బ్యాంకు పేరుంటే ఫారం 35, ఆ బ్యాంకు ఎన్‌వోసీ. వేరే రాష్ట్రం నంబరైతే ఫారం 28. వీటి మీద సంతకం పెట్టింది ఎవరో, ఆయనకి ఆ అధికారం ఉందని కంపెనీ తీర్మానం కాపీ కూడా అడిగి తీసుకోండి, సీలు ప్రతి ఫారం మీదా స్పష్టంగా పడిందా చూస్కోండి. ఆర్టీవో ఆఫీసులో కంపెనీ పేరు మీదున్న బండి అనగానే మొదట చూసేది అదే, సంతకం తేడాగా ఉందని ఒక్కసారి వెనక్కి పంపిస్తే మళ్లీ బెంగళూరుకి కొరియరు, మళ్లీ పదిహేను రోజులు. చాలా బ్యాంకుల ఎన్‌వోసీలకి 90 రోజుల గడువు రాసుంటాది, అది దాటనియ్యకండి.

కేఏ, టీఎన్ నంబర్ల వాళ్లు ఇప్పుడు చెప్పేది శ్రద్ధగా వినండి. ఫారం 28 అంటే పాత ఆర్టీవో ఇచ్చే ఎన్‌వోసీ, అది తిరుపతికో చిత్తూరుకో ఏ ఆఫీసుకి కావాలో పేరు పెట్టి తీసుకోవాలి. దానికి ముందు ఆ కారు మీదున్న చలాన్లన్నీ కట్టేయాలి, నాలుగేళ్లలో బెంగళూరు సిగ్నళ్ల దగ్గర మనకి తెలీకుండా పడినవి కూడా బయటికి వస్తాయి, నోటీసులు లీజు కంపెనీ అడ్రసుకి పోయి ఉంటాయి కాబట్టి మనకి తెలిసే దారే లేదు. ఛాసిస్ నంబరు పెన్సిల్ ప్రింటు కూడా అడుగుతారు, కారు అక్కడున్నప్పుడే తీసిపెట్టుకుంటే మంచిది.

తర్వాత ఇక్కడ ట్రాన్స్‌ఫర్ కి, కొత్త నంబరుకి కలిపి అప్లై చేయాలి. కొన్నవాళ్లు 30 రోజుల్లోపల తమ ఆర్టీవో దగ్గర చెప్పుకోవాలని చట్టం. "వేరే రాష్ట్రం బండి ఏడాది దాకా తిప్పుకోవచ్చు కదా" అని కొందరు అంటారు, ఆ 12 నెలల లెక్క నంబరు మార్చుకోడానికి, ఓనర్ పేరు మార్పుకి కాదు, రెండూ కలిపి గందరగోళం చేసుకోవద్దు. లోను ఉంటే ఫారం 34 మీద బ్యాంకు సంతకం పెట్టించి ఇదే అప్లికేషన్ తో పెడితే హైపోతికేషన్ కూడా ఒకే దెబ్బలో అయిపోతాది. ఇక్కడ లైఫ్ ట్యాక్సు కట్టాలి, కారు కొన్నప్పటి ఇన్వాయిస్ ధర, కారు వయసు బట్టి లెక్కేస్తారు. మీరు కొన్న మూడున్నర లక్షల మీద కాదండీ, అప్పటి 10 లక్షల మీద, వయసుకి తగ్గట్టు తగ్గించి. కాబట్టి పాత ఇన్వాయిస్ కాపీ కూడా లీజు కంపెనీ దగ్గర తీసుకోవడం మర్చిపోవద్దు. ఈ ట్యాక్సుకి లోను రాదు, సొంత డబ్బు పక్కన పెట్టుకోండి.

పాత రాష్ట్రంలో కట్టిన లైఫ్ ట్యాక్సులో మిగిలిన ఏళ్లకి రిఫండ్ అడగొచ్చు. కానీ రికార్డులో కట్టింది లీజు కంపెనీ. నెలనెలా అద్దెలో కట్టింది మనమైనా కాగితం మీద వాళ్లదే పేరు, అందుకే రిఫండ్ ఎవరికి చెందాలో కొనేటప్పుడే మెయిల్లో రాయించుకోండి, తర్వాత అడిగితే ఎవరూ బదులివ్వరు.

ఏడో పని, ఇన్సూరెన్సు. పేరు మారిన 14 రోజుల్లో పాలసీ మీ పేరు మీదికి మార్చమని ఇన్సూరెన్సు వాళ్లకి రాయాలి. థర్డ్ పార్టీ కవర్ దానంతట అదే మీకు వస్తాది గానీ, మీ కారుకే దెబ్బ తగిలితే వచ్చే ఓన్ డ్యామేజీ అట్లా రాదు, పాలసీ లీజు కంపెనీ పేరు మీదుండగా మొగిలి ఘాట్ లో ఎవడో వెనకనుంచి గుద్దితే క్లెయిము ఇరుక్కుంటాది. నాలుగేళ్లు క్లెయిము లేకుండా తోలినందుకు వచ్చిన నో క్లెయిమ్ బోనస్ కూడా పాలసీ ఎవరి పేరుంటే వాళ్లదే, కారుతో పాటు రాదు. నాకు ఇది శానా బాధ అనిపించింది, జాగ్రత్తగా తోలింది నేను, బోనస్ లీజు కంపెనీది. మీ పాత సొంత కారు అమ్మినప్పుడు బోనస్ సర్టిఫికెట్ తీసుకుని ఉంటే, గడువు లోపల అయితే అది దీనికి వాడుకోవచ్చు. కొత్త పాలసీలో బ్యాంకు పేరు హైపోతికేషన్ కింద రాయించాలి, లేకపోతే బ్యాంకు వాళ్లు ఊరుకోరు.

ఫాస్టాగ్ సంగతి మన ఊరోళ్లు ప్రత్యేకంగా చూస్కోవాలి. నంబరు మారితే పాత ట్యాగ్ పనికిరాదు, దాన్ని మూయించి డిపాజిట్ వెనక్కి తీసుకుని కొత్త ఆర్సీతో కొత్త ట్యాగ్ తీసుకోవాలి. 2025 ఆగస్టు 15 నుంచి అలిపిరి దగ్గర కొండెక్కే బండ్లకి ఫాస్టాగ్ తప్పనిసరి చేశారు కాబట్టి, కొత్త నంబరు ప్లేటు బిగించి మొదటి పూజకి కొండకి పోదాం అనుకునేవాళ్లు ట్యాగ్ వచ్చి యాక్టివేట్ అయ్యాకే బయల్దేరండి.

ఇక లోను కడతా ఉండగా ఒక పని గుర్తుపెట్టుకోండి, ఆఖరి ఈఎంఐ కట్టిన రోజు ఆర్సీలోంచి బ్యాంకు పేరు దానంతట అదే పోదు. బ్యాంకు దగ్గర ఎన్‌వోసీ, సంతకం చేసిన ఫారం 35 తీసుకుని, గడువు లోపల ఆర్టీవోలో పెట్టి హైపోతికేషన్ తీయించాలి, ఇన్సూరెన్సులో కూడా తీయించాలి. ఒక నెల ఆగి క్రెడిట్ రిపోర్టులో ఆ లోను క్లోజ్డ్ అని చూపిస్తా ఉందా అని చూడండి, లేకపోతే బ్యాంకుకి మెయిలు పెట్టి సరిచేయించుకోండి.